నలభై ఒక్క దరఖాస్తులు

గుమ్రాన్ ఇంకా కుర్చీలో కూర్చోనే లేదు, పాంగ్ సార్ ఆమె సంగతి తేల్చేశాడు.

"కాలేజీలో సీటొచ్చే అవకాశం, లేదు. చదువుకునే స్తోమత, లేదు. ఈ చీటీ మీద సంతకం పెట్టు. తర్వాత ఎవరు?"

తర్వాత నేనే. తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. షిఫ్టు దిగి నేరుగా వచ్చాను కాబట్టి జుట్టు నిండా దూది నలుసులు. పాంగ్ సార్ వెనక గోడకి చాపంత కాగితం అంటించి ఉంది. ఎన్ని మార్కులొస్తే ఏ కాలేజీలో ఏ కోర్సు దొరుకుతుందో చూపించే పట్టిక. గుమ్రాన్ దాని దగ్గరికి నడిచి ఒక గీత మీద వేలు పెట్టింది.

"సార్, టీచర్ ట్రైనింగ్ కాలేజీకి గీత ఇక్కడుంది. పోయిన మూడు నమూనా పరీక్షల్లోనూ నా మార్కులు దీనికంటే పైనే ఉన్నాయి."

"గీత పైనుంటే సరిపోతుందా? మీ నాన్నేం చేస్తాడు?"

"లేడు సార్. మా అమ్మ సముద్రం ఒడ్డున నాచు ఆరబెడుతుంది."

"మరింకేం! నాలుగేళ్లు నాచు తిని చదువుతావా?"

పక్క బల్లల దగ్గర కూర్చున్న టీచర్లు నవ్వారు. గుమ్రాన్ సంతకం పెట్టలేదు. పట్టిక మీంచి వేలు కూడా తీయలేదు.

అప్పుడే నా చీటీ నా కళ్ల పడింది. బల్ల మీద కట్టలో పైనే ఉంది. తాక్ యోన్సిల్ అని నా పేరు, కింద "లేదు, లేదు" అని రాసేసి ఉంది. నన్నింకా ఒక్క మాటైనా అడగలేదు. నా చీటీ అంచు ఎత్తి చూశాను. కింద చీటీ మీదా అదే. దాని కిందా అదే. ఒకే సిరా, ఒకే చేతిరాత. వరుసలో నిలబడ్డ నలభై ఒక్క మందికీ ఒకే జవాబు ముందే రాసిపెట్టుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి కుర్చీలో కూర్చోబెడుతున్నాడు.

నేనేమీ ఆలోచించలేదు. కట్ట మొత్తం లాక్కుని బయటికి పరుగెత్తాను.

అది దేగు నగరంలో ఒక నూలు మిల్లు. మా దేశంలో ఒలింపిక్స్ అయిపోయిన ఆ ఏడాది నవంబరు. మిల్లు ఆవరణలోనే మా బడి. "పని చేస్తూ చదువుకోండి" అని ఊరూరా గోడపత్రికలు అంటించి, పదిహేనేళ్ల ఆడపిల్లల్ని బస్సుల్లో తెచ్చారు. ఎనిమిది గంటలు మిషన్ల దగ్గర నిలబడతాం. తెగిన పోగుని అతుకుతూ, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉంటాం. తర్వాత నాలుగు గంటలు బల్లల ముందు కూర్చుని నిద్రతో కొట్టుకుంటాం. మూడో ఏడాది వచ్చేసరికి నూట డెబ్భై మందిలో నలభై ఒక్క మందిమి కాలేజీ కావాలన్నాం.

ఆ రోజుల్లో ముందు కాలేజీకి దరఖాస్తు పెట్టుకుని, తర్వాత ఆ కాలేజీకే వెళ్లి పరీక్ష రాయాలి. దరఖాస్తు మీద బడి ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే పరీక్షే లేదు. పాంగ్ సార్ మాకు సలహాలిచ్చే మాస్టరు, ఆయన సరేనంటేనే ముద్ర పడుతుంది. మిల్లు లేబర్ ఆఫీసులో డిప్యూటీ కూడా ఆయనే. మేం కాలేజీకి పోతే ఖాళీ అయ్యే మిషన్లకి మనుషుల్ని వెతుక్కోవలసింది ఆయనే. అలాంటివాడి చేతికి మా అవకాశాలు తూచే త్రాసు ఇచ్చారు.

ఆదివారం హాస్టల్ పెరట్లో చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టే పని. ఆరు వందల మందికి సరిపడా క్యాబేజీ కొండలా పోశారు. ఉప్పునీళ్ల పీపాలు, కారం కలిపే తొట్లు, రబ్బరు తొడుగుల చేతులు, కేకలు, నవ్వులు. ఆ సందడి మధ్య గుమ్రాన్ బోర్లించిన పీపా ఎక్కి నేను తెచ్చిన చీటీలు గట్టిగా చదివింది.

"హో మ్యోంగా! అవకాశం లేదు, స్తోమత లేదు. పియోన్ దాల్రే! అవకాశం లేదు, స్తోమత లేదు."

మొదట అందరూ నవ్వారు. పదో చీటీకి నవ్వు ఆగింది. ఇరవయ్యో చీటీకి క్యాబేజీ తరిగే చప్పుడు కూడా ఆగింది.

"ముద్ర వేసేదాకా ప్రిన్సిపాల్ గది ముందు నుంచి లేవొద్దు" అన్నాను నేను. "షిఫ్టుల వాళ్లంతా మాతో నిలబడాలి."

"ఎందుకు నిలబడాలే?"

అన్నది మల్సున్ అక్క. ముప్పై ఏళ్లు. పదకొండేళ్లుగా మిషన్ల దగ్గరే ఉంది. బడిలో అడుగు పెట్టలేదు. కారం తొట్టిలోంచి చేతులు తీయకుండానే అడిగింది.

"చదువుకుని ఏమవుతారే మీరు? రేపు అదే ఆఫీసులో కూర్చుని మమ్మల్ని 'ఏయ్' అని పిలిచేవాళ్లవుతారు. పోయినేడు పాసై పోయిన పిల్ల ఒక్క ఉత్తరమ్ముక్క రాసిందా? మీరు మేడెక్కడానికి మేం కింద నిచ్చెన పట్టుకోవాలా? పోయినేడు వేసవిలో రేవుల్లో, కార్ల ఫ్యాక్టరీల్లో మగాళ్లు సమ్మె చేశారంటే జీతం కోసం చేశారు. పది మంది పిల్లల కాలేజీ కోసం ఎవరైనా చేస్తారా?"

కొందరు "నిజమే" అన్నారు. నాకు ఒళ్లు మండింది. గుమ్రాన్ పీపా దిగి అక్క ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అక్కా, నేను పోయి నిన్ను మరిచిపోనని ఎలా చెప్పను? నాకే తెలీదు. ఒక్కటడుగుతాను, చెప్పు. నువ్వెందుకు బడిలో చేరలేదు?"

"చేరతానన్నాను. వయసు దాటిపోయిందన్నారు. నాకప్పుడు పంతొమ్మిది."

"ఎవరన్నారు?"

మల్సున్ అక్క చేతులు ఆగాయి. "ఇంకెవరు? ఈ పాంగ్‌గాడే."

"నీకూ ఒక చీటీ రాశాడన్నమాట. నువ్వు చూడలేదంతే. సరే, నెలనెలా మన జీతంలోంచి పొదుపని కోస్తారే, ఆ పాస్‌బుక్కులెక్కడున్నాయి?"

"ఆఫీసు బీరువాలో."

"తాళం?"

"వాడి నడుముకే వేలాడుతుంది."

"మన డబ్బు తన బీరువాలో పెట్టి తాళమేసుకుని, మనకి స్తోమత లేదని రాస్తున్నాడు. నాది మూడేళ్లది. నీది పదకొండేళ్లది."

పెరడంతా భగ్గుమంది. "దొంగ!" అని ఎవరో అరిచారు. "నా పెళ్లికి అడిగితే కూడా ఇవ్వలేదు వాడు" అని ఇంకొకామె. "మా నాన్న ఆపరేషనప్పుడు కాళ్లు పట్టుకున్నాను" అని మరొకామె. కాలేజీ మాట ఎవరూ మర్చిపోలేదు. కానీ ఆ మాటలోకి ఇప్పుడు అందరూ వచ్చి చేరారు.

ఆ మధ్యాహ్నమే గుమ్రాన్ మా లెక్కలు మేమే వేసుకుందామంది. ఆ చీటీలే వెనక్కి తిప్పి ఒక్కొక్కరి మార్కులు, కాలేజీలు, ఫీజులు, చేతికి రావలసిన పొదుపు రాసింది. ఎవర్నీ మోసపుచ్చలేదు. నా వంతు వచ్చినప్పుడు నా మొహంలోకి చూసి చెప్పింది.

"యోన్సిల్, నర్సింగుకి వేస్తే నీకు రాదు. లెక్కల్లో బాగా వెనకబడ్డావు. రెండేళ్ల కాలేజీలో బాలబడి టీచరు కోర్సుకి వేస్తే సగం అవకాశం."

"సగమంటే?"

"సగమంటే సగమే. రావచ్చు, తప్పొచ్చు. తప్పితే పరీక్ష రాసి తప్పుతావు. వాడి చీటీలో తప్పవు."

సాయంత్రానికి, కలిసి నిలబడతామని అందరం చేతులెత్తాం. మల్సున్ అక్క ఎత్తలేదు. "నేనేం మాటివ్వను" అని కిమ్చీ జాడీలో కుక్కుతూ కూర్చుంది.

సోమవారం ప్రిన్సిపాల్ ఊళ్లో లేడన్నారు. మంగళవారం మీటింగులో ఉన్నాడన్నారు. బుధవారం ముద్ర కనపడటం లేదన్నారు. దరఖాస్తులకి శనివారం సాయంత్రం అయిదింటితో గడువు ముగుస్తుంది. శనివారం పొద్దున్నే నలభై ఒక్క మందిమీ ప్రిన్సిపాల్ గది బయట, మిల్లు గేటుకి ఎదురుగా, నేల మీద కూర్చున్నాం.

ఒంటిగంటకి పాంగ్ సార్ బయటికొచ్చాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"గుమ్రాన్, ఇలా రామ్మా. నీ విషయం మళ్లీ ఆలోచించాం. నువ్వు తెలివైన పిల్లవి. ఇదిగో, ముద్ర వేసే తెచ్చాను. బస్సుకి టైముంది. వెళ్లిపో."

కాగితం మీద ఎర్రటి ముద్ర ఇంకా తడిగా ఉంది. గుమ్రాన్ లేచి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, "తీసుకుని పోవే, నీకైనా దక్కనీ" అన్నాను నేనే.

"మిగతా నలభై సంగతేంటి సార్?"

"వాళ్లకి అవకాశం లేదమ్మా."

"అది పరీక్షలో తేలాలి. మీ నోట్లో కాదు." కాగితాన్ని ఆయన చేతిలోనే తిరిగి పెట్టింది. "నలభైతో పాటే తీసుకుంటాను." వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చున్నాక ఏడ్చింది. చప్పుడు లేకుండా, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది.

రెండింటికి సైరన్ మోగింది. పొద్దుటి షిఫ్టు దిగి బయటికొస్తోంది, మధ్యాహ్నం షిఫ్టు వరుస కట్టి లోపలికి పోతోంది. ఆ వరుసకి ముందు మల్సున్ అక్క ఉంది. మమ్మల్ని చూసింది. గుమ్రాన్‌ని చూసింది. గేటు దాటకుండానే చతికిలపడింది.

సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. "ఏమే, లే! మిషన్లు ఖాళీగా ఉన్నాయి!"

"పదకొండేళ్లుగా నిలబడే ఉన్నానయ్యా. కాళ్లు లాగుతున్నాయి. కాసేపు కూర్చుంటాను."

ఆమె వెనకామె కూర్చుంది. ఆ వెనకామె కూర్చుంది. రెండు షిఫ్టులూ గేటు ముందు నేల మీద కూర్చుండిపోయాయి. లోపల ఒక్కొక్క హాలే నోరు మూసుకుంది. మూడేళ్లలో మొదటిసారి ఆ ఆవరణలో మా గొంతులు మాకు వినిపించాయి.

"ముద్ర వెయ్యి! పాస్‌బుక్కులియ్యి!"

మూడింటికి కంపెనీ మనుషులొచ్చారు. భుజాలకి గుడ్డ పట్టీలు, చేతుల్లో కర్రలు. మాతో పాటు పనిచేసే మెకానిక్కులు, గోడౌన్ కాపలావాళ్లే. ఆ మగాళ్లకి సాయంత్రం విందు ఆశ పెట్టి మా మీదికి తోలారు. దాల్రే నుదురు పగిలింది. మల్సున్ అక్కని జుట్టు పట్టి ఈడ్చారు. అప్పుడు హాస్టల్ పిల్లలు పెరట్లోంచి ఉప్పునీళ్ల పీపాలు దొర్లించుకొచ్చి వాళ్ల కాళ్ల కింద కుమ్మరించారు. నున్నటి సిమెంటు మీద కర్రలతో సహా బోర్లా పడ్డారు. లేవబోయినవాడి మీద ఇంకో పీపా. రక్తం కారుతున్న మొహంతోనే దాల్రే పగలబడి నవ్వింది.

"ఒరేయ్ చాన్సూ! నీ చెల్లెలు కూడా నూలు మిల్లులోనేగదరా! దాన్నీ ఇలాగే కొడతావా?" అని మల్సున్ అక్క అరిచింది. ఆ కుర్రాడు తలొంచుకుని కర్ర కింద పడేసి వెళ్లిపోయాడు. వాడి వెంట ఇంకో ఇద్దరు వెళ్లారు.

మూడున్నరకి లోపల ఫోను మోగింది. సోమవారం ఓడెక్కాల్సిన సరుకు సగం కూడా పూర్తికాలేదని యజమాని కేకలేశాడట. ప్రిన్సిపాల్ పెట్టె తెరిచాడు. కనపడకుండా పోయిన ముద్ర అందులోనే ఉంది. నలభై ఒక్కసార్లు టకటకా కొట్టాడు. పాస్‌బుక్కులు నెలాఖరుకి ఇస్తామన్నాడు.

మేం సంతోషంతో కేకలేస్తుండగానే పోలీసు వ్యాను వచ్చింది. "ఎవతె నాయకురాలు?" అని అడిగారు. పాంగ్ సార్ వేలెత్తి చూపించాడు.

గుమ్రాన్ దరఖాస్తుల కట్ట నా చేతుల్లో కుక్కింది. "పరుగెత్తు. నాది కూడా అందులోనే ఉంది. నాకోసం ఆగావంటే చంపేస్తాను." వ్యాను తలుపు మూసేదాకా బస్సు స్టాపు వైపే చెయ్యి చూపిస్తూ ఉంది.

మేం నాలుగు కాలేజీలకి నాలుగు గుంపులుగా విడిపోయి పరుగెత్తాం. టీచర్ ట్రైనింగ్ కాలేజీలో కిటికీ తలుపు వేస్తుంటే నా చెయ్యి అడ్డం పెట్టాను. రెండు వేళ్లు నలిగాయి. ఆరు దరఖాస్తులు లోపలికి పోయాయి.

డిసెంబరులో పరీక్షలు. కాలేజీ గేట్ల దగ్గర తల్లులు పిల్లల నోట్లో జిగురు మిఠాయి పెట్టి లోపలికి పంపుతారు, సీటు అంటుకోవాలని. మా తల్లులు రాలేదు, ఊళ్లలో ఉన్నారు. మిల్లు యూనిఫారాలు వేసుకుని అక్కలొచ్చారు. మల్సున్ అక్క నా నోట్లో ఇంత ముద్ద కుక్కి, "ఊఁ, పో. లెక్కలు జాగ్రత్త" అంది. గుమ్రాన్ జైల్లో ఉంది. పరీక్ష రాయనివ్వమని మేం పెట్టిన అర్జీకి జవాబే రాలేదు.

జనవరిలో ఫలితాలొచ్చాయి. పరీక్ష రాసిన నలభై మందిలో పదిహేడు మందికి సీట్లొచ్చాయి. నేను తప్పాను. పాస్‌బుక్కులు మాత్రం ఇవ్వలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు మిల్లు బోర్డు మీద కాగితం అంటించారు, మల్సున్ అక్కని పనిలోంచి తీసేశామని.

ఆ మరుసటి రోజు పొద్దున్నే నేను జైలుకి వెళ్లాను. అద్దం అవతల గుమ్రాన్ చిక్కిపోయి ఉంది. పెదాలు పగిలాయి.

"నాకు రాలేదే" అన్నాను.

"సగమని చెప్పాను కదా. మళ్లీ రాస్తావు. ఎంతమందికొచ్చాయి?"

"పదిహేడు."

కళ్లు మూసుకుని ఒక్కొక్క పేరూ అడిగింది. ప్రతి పేరుకీ తలూపింది. తర్వాత, "మల్సున్ అక్క ఎలా ఉంది?" అంది.

"నిన్న తీసేశారు. ఈ మధ్యాహ్నంలోగా హాస్టలు గది ఖాళీ చెయ్యాలట."

గుమ్రాన్ లేచి నిలబడింది. కాపలావాడు కూర్చోమన్నా వినలేదు.

"మరి నువ్విక్కడ కూర్చుని నా మొహం చూస్తావేంటే?"

బస్సు దిగి నేరుగా మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లాను. గుమ్రాన్ అన్న మాట దాల్రేతో చెప్పాను. దాల్రే పక్కామెతో చెప్పింది. వరుస లోపలికి నడుస్తుండగానే మాట ఆ చివరి నుంచి ఈ చివరికి చేరింది. సీట్లొచ్చిన పదిహేడు మందిలో తొమ్మిది మంది ఆ షిఫ్టులోనే ఉన్నారు. కాలేజీ తెరిచేదాకా నోరు మూసుకుని నెల గడిపేస్తే చాలు, వాళ్ల దారిన వాళ్లు పోవచ్చు. ఆ తొమ్మిది మందే ముందు నడిచారు.

ఈసారి గేటు దగ్గర కూర్చోలేదు. లోపలికే వెళ్లాం. ఎవరి మిషను దగ్గర వాళ్లం నిలబడ్డాం. సూపర్‌వైజర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని స్విచ్చులు నొక్కాడు. కదుళ్లన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి. మొదటి పోగు తెగింది. రెండోది తెగింది. మేం చేతులు కట్టుకున్నాం.

"అతకండే! ఏం చూస్తున్నారు? అతకండి!"

"మల్సున్ అక్కని రమ్మను. ఆవిడొచ్చి అతుకుతుంది" అంది దాల్రే.

అతను ఒక మిషను దగ్గరికి పరుగెత్తి తెగిన పోగు పట్టుకోబోయాడు. దొరకలేదు. పక్క మిషను మీద పది తెగాయి. ఆ వెనక ఇరవై తెగాయి. పాంగ్ సార్ తలుపు దగ్గరికొచ్చి అరుస్తున్నాడు. ఆ మోతలో ఒక్క ముక్క వినపడలేదు. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. హాలంతా పోగులు తెగుతూనే ఉన్నాయి. మూడు వందల మందిమి నిలబడి ఉన్నాం. ఒక్క చెయ్యీ కదల్లేదు.