మునిగిన గుడ్డు

బడిలో సైన్సు ప్రదర్శన వాయిదా పడినప్పుడల్లా తెల్లకోట్లు మళ్లీ ఉతికే పని ఆయమ్మ మీద పడేది. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల ఒంటికి సరిపోయేలా కుట్టించిన బుల్లి బుల్లి డాక్టరు కోట్లు అవి. పిల్లలు ముక్కులు వాటికే తుడుచుకునేవారు. ప్రదర్శన చూడటానికి రావలసిన పెద్దమనిషికి తీరిక దొరక్క, అది వారం వారం వెనక్కి జరుగుతూ వచ్చింది.

ఆ పిల్లల్లో ఆయమ్మ మనవరాలు కూడా ఉంది. నోరు ఊరుకోదని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో పిల్లను చూసే దిక్కు లేదు.

"నీ ముఖం చూసి ఈ ఏడాదికి కూర్చోబెడుతున్నాను ఆయమ్మా. నలుగురిలో చక్కగా నడుచుకుంటే పై తరగతిలోకి తీసుకుంటా. లేదంటే నన్ను అడగొద్దు" అని పెద్ద మేడమ్ చేర్చుకున్నప్పుడే చెప్పింది. పిల్లకు అక్కడ చోటు పోతే ఆయమ్మ అయినా పని మానాలి, కూతురైనా మానాలి. ఎవరు మానినా ఇల్లు గడవదు.

పిచ్చుక తరగతి వంతుకు గుడ్డు ప్రయోగం వచ్చింది. మంచినీళ్ల గ్లాసులో గుడ్డు వేస్తే మునుగుతుంది, ఉప్పునీళ్లలో వేస్తే తేలుతుంది. మొదటిసారి టీచరమ్మ నిజంగానే నీళ్లు పెట్టి చేయించింది. పిల్లలు గ్లాసుల చుట్టూ మూగి, చేతులు మోచేతుల దాకా తడుపుకుని, ఉప్పు నాకి, ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకున్నారు.

"టీచర్, గుడ్డుకి ఈత ఎవరు నేర్పారు?" అంది పిచ్చుక.

"ఉప్పు నేర్పింది" అంది టీచరమ్మ నవ్వుతూ. ఆవిడ పెళ్లి కాని చిన్నమ్మాయి. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు.

తడిసిన కోట్లు చూసి పెద్ద మేడమ్‌కు ఒళ్లు మండింది. "నీళ్లు ప్రదర్శన రోజున పెడితే చాలు. అప్పటిదాకా నోటితో నేర్పించండి" అంది.

ఇక అక్కడి నుంచి నీళ్లు లేని ప్రయోగమే. టీచరమ్మ ఖాళీ గ్లాసులో ఖాళీ చెయ్యి పెట్టి తీసేది. "ఏమైంది పిల్లలూ?" అంటే అందరూ "మునిగింది!" అని అరిచేవారు. రెండో గ్లాసులో చెయ్యి పెడితే "తేలింది!" అనేవారు. ఆ వెంటనే చప్పట్లు. తుడవాల్సిన నేల తగ్గినందుకు ఆయమ్మకూ హాయిగానే ఉండేది. గుడ్లు మాత్రం ఎండ తగిలే కిటికీ పక్కన, బుట్టలో అలాగే ఉండిపోయాయి.

"అమ్మమ్మా, గుడ్డు లేకుండా గుడ్డెలా మునిగింది?" అని ఒకరోజు ఇంటి దారిలో పిచ్చుక అడిగింది.

"ఆటలేవే. నువ్వు ఉత్తి గిన్నెల్లో వంట చెయ్యవూ?"

"చేస్తాను. కానీ బాగుందని నిన్ను తినమననుగా!"

చివరికి ఆ పెద్దమనిషి వచ్చాడు. హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా తల్లిదండ్రులు, వాళ్ల ముఖాలకు అడ్డంగా ఫోన్లు. బడి తరఫున వీడియో తీసేవాడు ముందు వరుసలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిచ్చుక పొట్టిది కాబట్టి బల్లకు దగ్గరగా నిలబెట్టారు. ఆయమ్మ తడిగుడ్డ పట్టుకుని తలుపు పక్కన నుంచుంది.

టీచరమ్మ బుట్టలోంచి గుడ్డు తీసి మంచినీళ్లలో వదిలింది. అది నీళ్లలో ఒకసారి తడబడి, పైకి వచ్చి, బోర్లించిన గిన్నెలా అక్కడే నిలిచిపోయింది.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. అయినా గొంతు అలవాటు కొద్దీ పలికింది. "ఏమైంది పిల్లలూ?"

"మునిగింది!" అన్నారు పిల్లలంతా. చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లూ కొట్టారు.

"లేదు! తేలింది! చూడండి, పైనే ఉంది!" అంది పిచ్చుక.

టీచరమ్మ చెంచాతో గుడ్డును కిందికి నొక్కింది. చెంచా తియ్యగానే అది మళ్లీ పైకి వచ్చింది. పిచ్చుక కడుపు పట్టుకుని నవ్వింది.

రెండో వరుసలో ఒక తండ్రి ఫోను దించాడు. "ఆ పాప చెప్పింది నిజమేగా?" అన్నాడు.

"మీకెందుకండీ? మనవాడి వంతు ఇంకా రాలేదు, ఊరుకోండి" అంది పక్కనున్న భార్య.

పెద్ద మేడమ్ మైకు అందుకుని తియ్యగా నవ్వింది. "చిన్నపిల్ల. మునగడమేదో, తేలడమేదో ఇంకా తెలియదు."

ప్రదర్శన అయ్యాక వీడియో తీసేవాడు పెదవి విరిచాడు. "మేడమ్, ఈ పాప గొంతే గట్టిగా వినిపిస్తోంది. కోసేస్తే ప్రయోగం మొత్తం పోతుంది."

"అయితే ఆ ముక్క మళ్లీ తియ్యండి. ఆయమ్మా, నీ మనవరాల్ని తీసుకురా."

"మేడమ్, పాత గుడ్లు కదా, అందుకే తేలుతోంది. కొత్తది తెప్పిస్తే…" అని టీచరమ్మ నసిగింది.

"ఇప్పుడు కొట్టుకెవరు పోతారమ్మా? గుడ్డును మార్చడం కంటే పిల్ల మాట మార్చడం తేలిక." పెద్ద మేడమ్ ఆయమ్మ వైపు తిరిగింది. "చెప్పిన మాట చెప్పలేని పిల్లను పై తరగతిలో ఏం చేసుకోను? నువ్వే చెప్పు."

టీచరమ్మ తల వంచుకుని గ్లాసు పట్టుకుంది. గుడ్డు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమైంది పాపా?"

పిచ్చుక వంగి, ఆవిడ వేళ్ల సందుల్లోంచి చూసింది. "తేలుతూనే ఉంది."

"మునిగిందని అనవే తల్లీ" అంది ఆయమ్మ.

"మునగలేదు అమ్మమ్మా. నువ్వొచ్చి చూడు."

ఆయమ్మ వెళ్లింది. టీచరమ్మ చెయ్యి కొంచెం జరిపింది. గుడ్డు నీళ్ల మీద తెల్లగా, తీరిగ్గా కదులుతోంది. ఆయమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పిచ్చుక ఆవిడ కొంగు పట్టుకుని, "ఉందా? పైనే ఉందా?" అని గంతులు వేసింది.

"లేదమ్మా. మునిగింది" అంది ఆయమ్మ.

గంతులు ఆగాయి. పిల్ల గ్లాసు వైపు కాకుండా అమ్మమ్మ కళ్లలోకి చూసింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "మునిగింది" అంది.

"శభాష్! ఎంత ముద్దుగా చెప్పిందో!" పెద్ద మేడమ్ పిల్ల బుగ్గ గిల్లింది. "పై తరగతిలో కూర్చోబెట్టుకుందాంలే ఆయమ్మా. బెంగ పెట్టుకోకు."

ఆయమ్మ చేతులు జోడించింది.

సాయంత్రం గేటు దాటేసరికి మబ్బు కమ్మింది. పిచ్చుక దారంతా నోరు విప్పలేదు. వీధి మలుపులో ఆయమ్మ మాట కలపబోయింది. "చినుకులు మొదలయ్యాయంటావా? ఏదీ, చెయ్యి చాపి చూసి చెప్పు."

పిచ్చుక చెయ్యి చాపలేదు. దాని జుట్టు మీద అప్పటికే చినుకులు మెరుస్తున్నాయి.

"ఏమని చెప్పమంటావు అమ్మమ్మా?" అంది.