గుడ్ల చేప

"స్నానం చేయకుండా వంటింట్లోకి రాకు, ఆ చేతులతో ఏం ముట్టుకొచ్చావో" అని మా అత్తయ్య రోజూ సాయంత్రం నన్ను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఆదివారం చేప తెచ్చినప్పుడు మాత్రం అవే చేతులు కావాలి. పొలుసు గీకాలి, పొట్ట చీల్చాలి, పేగులు తీసి పారేయాలి. అప్పుడు వాటి మీద ఎవరికీ రోత ఉండదు.

నా ఉద్యోగం చేపల్లోనూ ఎలుకల్లోనూ నట్టలు వెతకడం. జలాశయంలో వలకు చిక్కిన చేపనీ, దాని గట్టున బోనులో పడిన ఎలుకనీ కోసి, పేగుల్లో, కాలేయంలో ఏ పురుగు చేరిందో చూసి చెప్పాలి. ఈ పని కోసం చదివాను, పోటీపడి గెలిచాను. మా ఆయన బంధువుల ముందు "మా ఆవిడ పురుగులు ఏరుతుంది, బియ్యంలో కాదులెండి" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే "సరదాకి అన్నా మూతి ముడుచుకుంటుంది" అని ఇంకోసారి నవ్విస్తాడు. ఆఫీసులో మా సారు మీటింగుకి పదిమందిని పిలిచినా టీ పోయడానికి ఆయన కళ్ళకి నేనొక్కదాన్నే ఆనుతాను. పురుగుల్ని పట్టిన చేతులని అక్కడ ఎవరికీ గుర్తు రాదు.

మాకు పిల్లలు లేరు. ఎందుకు లేరో మా అత్తయ్య ఎప్పుడో తేల్చేసింది. "రోజంతా పురుగుల మధ్య కూచుంటే కడుపెలా పండుతుంది?" నాకు రక్తం తీశారు, స్కానింగు చేశారు, లోపలికి గొట్టాలు పెట్టి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇక మీవారికి ఒక పరీక్ష చేయిద్దాం అని డాక్టరమ్మ అన్నదే తడవు మా ఆయన డాక్టర్నే మార్చేశాడు. కొత్తచోట మళ్ళీ నాతోనే మొదలు. "నాకేం రోగం? మా వంశంలో అలాంటివి లేవు" అన్నాడు. వంశానికి చేయమన్నారా పరీక్ష? అడగలేదు. మింగేశాను. ఇలా మింగినవన్నీ ఎక్కడికి పోతాయో ఏ స్కానింగులోనూ కనిపించదు.

ఆ ఆదివారం ఆయన సంచిలోంచి చేప తీసి వాళ్ళమ్మకి చూపించాడు.

"పొట్ట చూడమ్మా, పగిలేలా ఉంది. నిండా గుడ్లే."

"గుడ్లు విడిగా తీయించరా. దానికే పెడదాం, ఏమైనా పనిచేస్తాయేమో."

దానికి అంటే నాకు. నేను పక్కనే ఉన్నాను.

పెరట్లో పీట వేసుకుని చేప ముందు కూర్చున్నాను. ఆయన గుమ్మానికి ఆనుకుని మొదలుపెట్టాడు. "రేపు పొద్దున డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. నువ్వు క్యాంపుకి రావని మీ సారుకి ఫోన్ చేసి చెప్పేశాను."

రేపు జలాశయానికి బయల్దేరాలి. వారం పాటు అక్కడే పని. మొదటిసారి ఆ క్యాంపు నా చేతికి ఇచ్చారు. ఎలుకల బోనులన్నీ నేనే తుడిచి సర్దాను.

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే ఒప్పుకునేదానివా? మెల్లగా మానేస్తుందని కూడా చెప్పాను. మంచిదే, ఇంకొకతన్ని పంపుతానన్నాడు."

నా ఉద్యోగాన్ని ఇద్దరు మగాళ్ళు ఫోన్లో ముగించేశారు. నేను కత్తి దించాను.

గుడ్లు రాలేదు. తెల్లటి నాడాలాంటి పురుగు ఒకటి చుట్టలు చుట్టలుగా జారి పళ్ళెంలో పడింది. పొట్టంతా అదే. మా అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశావురా, ఆఫీసు నుంచి ఇంటిదాకా తెచ్చింది."

"నేను తేలేదు అత్తయ్యా. చేప నీళ్ళలో ఉన్నప్పుడే ఇది చేరుతుంది. లోపల పెరుగుతూ చేప బలమంతా తినేస్తుంది. ఇది పట్టిన చేపకి సంతానం ఉండదు. మనుషులకి అంటదు."

చివరి మాట ఎవరికీ వినపడలేదు. మా ఆయనకి దాని ముందు అన్న మాటే చాలింది.

"గొడ్రాలికి గొడ్రాలు చేపే దొరికింది" అని నవ్వాడు.

ఆ మాట ఇంతవరకూ వాళ్ళమ్మ అనేది, ఆయన విననట్టు ఉండేవాడు. ఈ రోజు తనే అన్నాడు. "సరదాకి అన్నాలే" అని తగిలించాడు.

నేను పురుగుని పక్కకి లాగి వేలితో చేప వెన్ను కింద తడిమాను. గుడ్లో బీజమో ఉండాల్సిన చోట ఎండి దారాల్లా మిగిలినవి దొరికాయి. వాటిని చూసి ఆడో మగో చెప్పడం నా పని.

"మగది" అన్నాను.

"ఏది?"

"చేప. పొట్ట చూసి మీరే ఆడదనుకున్నారు."

మా అత్తయ్య ఏదో అనబోయి ఆగింది. మగవాడిని అనడానికి గొడ్రాలు అన్న మాటకి జత మాట ఏదీ ఆ ఇంట్లో నేను వినలేదు. ఆవిడకీ దొరికినట్టు లేదు.

చేతులు కడుక్కుని సారుకి ఫోన్ చేశాను. "రేపు నేను వస్తున్నాను సార్. మానేయడం లేదు."

"మీవారు అలా చెప్పారే?"

"ఆయన మీ దగ్గర పనిచేయడం లేదు కదా సార్. నా సంగతి నన్నడగండి."

సరే, బండి పొద్దున్నే వస్తుంది, రెడీగా ఉండు అన్నాడు.

చేప పళ్ళెంలోనే ఉంది. నేను లోపలికి వెళ్ళి సంచిలో బట్టలు పెట్టుకుంటున్నాను. మా ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు. గొంతులో నవ్వు లేదు.

"మరి డాక్టరు దగ్గర తీసుకున్న టైము?"

"వృథా చేయడం ఎందుకు? మీరు వెళ్ళండి."