తలలు లేని బొమ్మలు

వెయ్ నది ఒడ్డు పల్లెల్లో తోలుబొమ్మలాడించే వాళ్ళకు ఓ కట్టుబాటు ఉంది. ఆట ముగియగానే బొమ్మల తలలు తీసి వేరే మూట కట్టాలి. తల ఉంచితే బొమ్మకు ప్రాణం వస్తుందట. ఈ కట్టుబాటే తన తాత చెక్కిన తలల్ని కాపాడుతుందని ముసలి మావ్‌లిన్ నమ్మాడు. పట్నంలో రెడ్ గార్డులనే విప్లవ కుర్రకారు పాత పుస్తకాలూ వేషాలూ తగలబెడుతున్నారని తెలియగానే, మొండేలను ఇంట్లో ఉంచి, తలల మూట తీసుకెళ్ళి శిష్యుడు యుంచెంగ్ చేతిలో పెట్టాడు.

"మొండేలదేముందిరా, మళ్ళీ కోసుకోవచ్చు. ఈ మొహాలు చెక్కే చెయ్యి మా తాతతోనే పోయింది. జాగ్రత్త."

"నా ప్రాణం పోయినా ఇవ్వను గురువుగారూ" అన్నాడు యుంచెంగ్. తల్లీ తండ్రీ లేనివాణ్ణి తెచ్చి, కడుపులో పెట్టుకుని పెంచి, పెళ్ళి కూడా చేశాడాయె. అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెడ్ గార్డులు రానే వచ్చారు. మిట్టమధ్యాహ్నం కళ్ళంలో మావ్‌లిన్‌ను బల్లెక్కించి, మెడలో 'ప్రజాద్రోహి' అని అట్ట తగిలించి, బొమ్మల పెట్టె కుమ్మరించారు. రాజులూ రాణులూ అందరూ మొండేలే.

"తలలేవిరా ముసలోడా?" అంది రెండు జడల నాయకురాలు.

"తినేశాం తల్లీ."

జనం గొల్లుమన్నారు.

"వేళాకోళాలా?"

"కరువేడు తిన్నాం. తోలేగా, రంగు పోయేదాకా కాల్చి ఉడకబెడితే గొంతు దిగుతుంది. కావాలంటే మా యుంచెంగ్‌ని అడగండి, వాడూ తిన్నాడు."

అందులో సగం నిజమే. ఆ ఏడు ఆకలికి ఒళ్ళు ఉబ్బి యుంచెంగ్ పడిపోతే, మావ్‌లిన్ పన్నెండు మొండేలు కాల్చి, ఉడకబెట్టి, ఆ జావ వాడికే పోశాడు. తను గిన్నె నాకి సరిపెట్టుకున్నాడు. తలల జోలికి మాత్రం పోలేదు.

యుంచెంగ్ జనంలోంచి ముందుకొచ్చాడు. చేతిలో నీలం మూట ఉంది. ఆ ముడి మావ్‌లిన్ వేసిందే.

"ఒక్క తల కూడా తినలేదు కామ్రేడ్. నాచేత దాయించాడు. అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"ఒరేయ్!" అన్నాడు మావ్‌లిన్.

"శెభాష్! ఇకనుంచి కొత్త ఆటల బృందానికి నువ్వే నాయకుడివి" అంది నాయకురాలు. చూశారా, ముందే మాట్లాడుకున్నారు! విశ్వాసం లేని వెధవ!

యుంచెంగ్ బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి గురువుగారూ. ఎప్పటికైనా దొరికేవేగా."

"నువ్వు తెస్తే దొరికాయిరా."

మూటకు నిప్పు పెట్టారు. తోలు ముడుచుకుపోయి చిటపటలాడింది. ఆ కరువేడు మావ్‌లిన్ పొయ్యిలోంచి లేచిన కమురు వాసనే కళ్ళమంతా కమ్ముకుంది. ముసలాడు మంటను చూడలేదు, శిష్యుణ్ణే చూశాడు. యుంచెంగ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయినా ఆ వాసనకు నోరూరి, గుటక మింగాడు.