బావికి పూసిన నీళ్ళు

రుక్మాబాయికి పేరులో ఒక బాయి, పొలంలో ఒక బాయి. నీళ్ళు రెండింట్లోనూ లేవు. ఈ మాట పక్క పొలం పోచయ్యది. ఎనభై ఆరు ఎండాకాలంలో అది ఎల్లారెడ్డి దాకా పాకింది. మూడేళ్ళుగా మిరుగం కార్తె తొలివాన కామారెడ్డి ఆఖరు బస్సులా తయారైంది. వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు.

ఆమె బాధ పంట గురించి కాదు. కొడుకు హన్మంతుకు ముప్పై దగ్గరపడ్డాయి. వచ్చిన మూడు సంబంధాల వాళ్ళూ బావిలోకి తొంగిచూసి, పోసిన కల్లు కూడా ముట్టకుండా తిరుగుముఖం పట్టారు. నాలుగోది బీర్కూర్ సంబంధం. పిల్ల తండ్రి నారాయణ ముందే కబురంపాడు: "ఇల్లు తర్వాత, ముందుగాల బాయి చూస్తం. మా పిల్ల కాలువ గడ్డన పుట్టింది. దూరం నుంచి బిందె మోసుడు దానికి రాదు."

నాలుగు రోజుల గడువుంది. రుక్మాబాయి ఎల్లారెడ్డి పోయి, దుకాణాల బోర్డులు రాసే తాజుద్దీన్‌ను వెంటబెట్టుకొచ్చింది. తనే ముందు బావిలోకి దిగి, ఇల్లలికినట్టు అడుగంతా పేడతో అలికింది.

"ఇగ ఏయి బిడ్డా, నీళ్ళు."

తాజుద్దీన్ డబ్బా మూత తీసి, "ఏ రంగు అవ్వా?" అన్నాడు.

"నీళ్ళకు రంగేందిరా."

"రంగు లేకుంటే నేనెందుకు?"

అదీ నిజమే. గట్టు మీద వాదన మొదలైంది. పచ్చగా ఉండేవన్నాడు పోచయ్య. చాయ రంగన్నాడు హన్మంతు. "నీకేం ఎరుకరా, నువ్వు చూసినయి వరద నీళ్ళు" అని పోచయ్య కొట్టేశాడు. రుక్మాబాయి కళ్ళు మూసుకుంది. కొత్త కోడలిగా ఈ గట్టు మీది నుంచే చెంబు జారవిడిచి అత్తతో తిట్లు తిన్నది.

"నల్లగుంటుండె," అంది. "చెంబు మింగినంక ఇంకింత నల్లగయినయి."

తాజుద్దీన్ నలుపులో నీలం కలిపి రెండు రోజులు పూశాడు. పనిమంతుడు కాబట్టి అంతటితో ఆగలేదు. నీళ్ళన్నాక తొంగిచూసేవాళ్ళ మొహాలు కనబడాలి కదా అని తల్లీకొడుకులను గట్టు మీద వంగబెట్టి, చూసి చూసి వాళ్ళ నీడలు దించాడు. పైకొచ్చి చూసుకుంటే అతనికే దాహమేసింది.

నారాయణ రానే వచ్చాడు. హన్మంతు ఇంటి దగ్గర మంచాలు వాలుస్తున్నాడు. నారాయణ బావిలోకి వంగి చాలాసేపు చూశాడు.

"చెల్లె, నా మొకమేది?"

రుక్మాబాయి గుండె జారి బావిలో పడింది. నోరు మాత్రం పడలేదు. "మా బాయికి కొత్తోళ్ళ మొకం పట్టనీకి రెండు దినాలు వడ్తదన్నా."

"మరి పిలగాడు ఇంటికాడుండె గద. నీళ్ళల్ల ఎట్లున్నడు?"

"పొద్దుమాపు ఈడనే పనాయె. ఏడికి పోయినా నీడను ఇడిసే పోతడు."

నారాయణ తలూపాడు, ఇలాంటి బావుల గురించి విన్నవాడిలాగే. తర్వాత మెల్లగా ఓ గులకరాయి తీసి జారవిడిచాడు. టక్కుమంది. ఎగిరి నీళ్ళలోని హన్మంతు ముక్కు మీద కూర్చుంది.

నాలుగోదీ పోయిందనుకుని రుక్మాబాయి కొంగు నడుముకు దోపింది, తిట్లు పడేదేదో నిలబడే పడదామని.

"ఎవలు ఏసిండ్రు?" అన్నాడు నారాయణ.

పని ఎలా కుదిరిందో చూద్దామని వేపచెట్టు చాటున నిలబడ్డ తాజుద్దీన్ బయటికొచ్చాడు. "నేనే పటేలా. రాయి ఏస్తరనుకోలె."

నారాయణ అతని భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు. తగ్గించినా రుక్మాబాయికి వినబడింది. "బుధవారం వీళ్ళు మా ఇల్లు చూడనీకొస్తరు. మా కాలువల నీళ్ళు వారక రెండు పంటలాయె. ఇంటి ముంగట పాతిక గజాలు చాలు. ఎన్ని డబ్బాలు వడ్తయి?"

రుక్మాబాయి దోపిన కొంగు తీసి తలమీదికి లాక్కుంది. వియ్యంకుడి ముందు అలాగే ఉండాలి.

"తాజుద్దీనూ," అంది, "నలుపు ఎయ్యకు. కాలువ నీళ్ళు జర మట్టిగుంటయి."

బుధవారం తల్లీకొడుకులు బీర్కూర్‌లో దిగారు. కాలువ ఎర్రగా, నిండుగా, ఒక్క అల కూడా కదలకుండా పారుతోంది. అవతలి గట్టు మీద నారాయణ పక్కన పిల్ల నిలబడి ఉంది.

"జర పైలం అత్తమ్మా," అంది పిల్ల. "ఈ ఏడు లోతెక్కువున్నది."

హన్మంతు చెప్పులు విడిచి చేతిలోకి తీసుకున్నాడు. రుక్మాబాయి చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి, అడుగు తడుముకుంటూ కాలువలోకి దిగింది.