అల్మరా ఎవరు బిగించాలి?

అల్మరా కిందనుంచి నేను లాగేసరికి చిన్నారి సాహ్రా ఏడవడం కూడా మానేసింది. మోచేతి దగ్గర ఎముక విరిగి చెయ్యి పక్కకు తిరిగిపోయింది. షిఫ్టు దిగి మా పిల్లాడికోసం అప్పుడే వచ్చాను నేను. ఆయా ఒడీలియా చంకలో మా వాడు వాంతి చేసుకుంటున్నాడు. రెండో చేత్తో ఆమె ఆ అల్మరాను ఎత్తిపట్టుకుని ఉంది. గది నిండా పిల్లలు. చూసుకునేది ఆమె ఒక్కతే.

అమెరికాలోని కాన్సస్‌లో పశువుల్ని కోసే ఫ్యాక్టరీలో పని మాది. దాని వెనకే మా పిల్లల్ని చూసుకునే ఆ కేంద్రం. నడిపేది గెంట్రీ అనే కాంట్రాక్టరు.

సాహ్రా తల్లి ఫదూమో కోతబల్ల దగ్గర నా పక్కనే కత్తి పట్టేది. ఆసుపత్రిలో ఒడీలియా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"నా బిడ్డను చూడమంటే ఎక్కడ చచ్చావే?"



మర్నాడే గెంట్రీ ఒడీలియాను పనిలోంచి తీసేశాడు. ఫదూమో ఇంటికి వకీలును పంపాడు.

"తప్పు ఆయాదని చెప్పమ్మా, వైద్యం మేం చేయిస్తాం. దెబ్బలకు కేంద్రం బాధ్యత లేదని పిల్లను చేర్చినప్పుడే ఒప్పుకున్నావు గదా!"

ఆదివారం అందరం బట్టలుతికే లాండ్రీలో కలిశాం.

"గెంట్రీతో పెట్టుకుంటే కేంద్రం మూసేస్తాడు. అప్పుడు పిల్లల్ని ఏం చేస్తాం, ఆవుల పక్కన కొక్కేలకు తగిలిస్తామా?" అన్నాడు మాతో పనిచేసే నెమెసియో.

"నీకు వేళాకోళంగా ఉందా?" ఫదూమో కసిరింది. ఒడీలియా వైపు తిరిగింది. "ఆ అల్మరా ఎట్లా పడిందో చెప్పు."

"గోడకి బిగించలేదక్కా. పిల్లలు పట్టుకుని ఎక్కుతున్నారు, బిగించండి మహాప్రభో అని మొత్తుకున్నా. ఇంకో ఆయాని పెట్టమన్నా. చేతకాకపోతే మానెయ్యమన్నాడు గెంట్రీ."

నేను లేచాను. "ఆ నిమిషాన మా వాణ్ణి దించేస్తే వాంతి గొంతుకడ్డం పడి వాడికి ఊపిరాడేది కాదు. ఎత్తుకుంటే నీ పిల్ల చెయ్యి విరిగింది ఫదూమో. ఈమె ఎవర్ని వదిలెయ్యాలి? నువ్వే చెప్పు."

 ఫదూమో వెళ్లి ఒడీలియా పక్కన కూర్చుంది.

"ఆ వకీలు మళ్లీ రానీ, చెప్తా," అంది.

సోమవారం తల్లులం ఎవ్వరం పనిలోకి పోలేదు. ఒడీలియాను మధ్యన పెట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని గేటు ముందు నిలబడ్డాం. పోలీసులొచ్చారు. ఒడీలియా చేతులు వెనక్కి విరిచి బేడీలేశారు. చేతికి పిండికట్టుతో ఉన్న సాహ్రాను చంకనేసుకుని ఫదూమో కారుకు అడ్డం పడింది.

"తల్లిని నేను! నేను ఫిర్యాదు పెట్టలేదు."

"కేంద్రం పెట్టిందమ్మా. తప్పుకో."

"బాధ్యుడు కావాలంటే అదుగో, గెంట్రీ మేడమీద కిటికీలోంచి చూస్తున్నాడు. ఎక్కి తీసుకురా!"

పోలీసు తలెత్తి చూశాడు. అయినా ఒడీలియానే తీసుకుపోయారు.

లోపల ముందుగా కత్తి కింద పెట్టింది నెమెసియో అని తర్వాత తెలిసింది. పనిలోకి పోయిన మగవాళ్లంతా నెత్తుటి ఏప్రాన్లతోనే బయటికొచ్చారు. పిల్లలతో సహా షెరీఫ్ పోలీసు కార్యాలయానికి నడిచాం.

"ఫిర్యాదు ఎవరి మీద?" అడిగింది గుమాస్తా.

"గెంట్రీ మీద," అంది ఫదూమో.

"నీది?"

"గెంట్రీ మీదే," అన్నాను.

నా వెనక నెమెసియో. అతని వెనక వరుస మెట్లు దిగి వీధిలోకి సాగింది. గుమాస్తా విసుక్కుంది.

"అందరూ ఒకే మాట చెప్పక్కర్లేదు. ఒక్కరు చాలు."

"ఒక్కరు చెప్తే కన్నతల్లి ఏడుపంటారు," అంది ఫదూమో. "రాసుకో."