నారపేట పొగ

చీపురుపల్లి జగన్నాధం పొద్దున్నే చద్దన్నం తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "కాదని సెప్పొచ్చేస్తాను" అంటూ గుమ్మం దిగాడు. భార్య జగ్గమ్మ చద్దిగిన్నె తీసుకుని లోపలికి పోయింది. వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే మాట చెప్పుకుంటూ స్టేషనుకి నడిచాడు. నోరు జారిన మాటనైనా వెనక్కి తీసుకోవడమంటే ఆయనకి తల తీసేసినట్టే.

సంగతేమిటంటే, ఆయన కూతురు నీలవేణిని చేసుకుంటానని నారపేట నుంచి అప్పలసూరి కబురంపాడు. అతను చీపురుపల్లి రైసుమిల్లు ఇంజను బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. ఇష్టమని పిల్ల నోరు విప్పలేదు గాని, నాన్న ప్రయాణం సంగతి తెలిసినప్పటినుంచి ముద్ద మింగలేదు. జగన్నాధానికి కుర్రాడితో పేచీ లేదు. పేచీ అంతా ఊరితోనే. నారపేట జనపనార మిల్లు మూతపడి ఏళ్ళయింది. మసిగొట్టుకుపోయిన ఊళ్ళో పిల్లని పడేస్తాడా ఎవడైనా?

తీరా రైలు దిగి చూస్తే మసీ లేదు, మన్నూ లేదు. తాడు పట్టి గీసినట్టు తిన్నని వీధులు, రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు. మిల్లు కూలీలుండే ఇళ్ళ లైన్లలో ఒక గోడది మామిడిపండు రంగు, దాని పక్కదానిది నెమలికంఠం రంగు. ఒకప్పుడు నార నానబెట్టిన మడుగు నిండా కలువలు. గులాబిరంగు వీపుతో ఓ ఎద్దు ఆయన్ని దాటుకుని తాపీగా పోయింది.

స్టేషనుకి ఎదురొచ్చిన పెద్దమనిషి అప్పలసూరి తండ్రి నూకయ్య. మిల్లులో మగ్గం నడిపినవాడు. "రా బావా" అని చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా ఏ వరసా కలవలేదు గదా అని జగన్నాధం మొహం ముడుచుకున్నాడు. కాదనే మాట నాలిక చివరే ఉంది. చెబుదామనుకునేసరికి ఒక మలుపులో కలువలు, ఇంకో మలుపులో ఊదారంగు పావురాలు. మాట వెనక్కి పోయింది.

మిల్లు ఆగినా దాని పొగగొట్టం ఆగలేదు. పాత షిఫ్టు వేళకి రోజూ ఓసారి పొగ వదులుతుంది. ఏ రోజు ఏ రంగో దానిష్టం. నిన్న చిలకపచ్చ వచ్చిందనీ, మొన్న బూడిదరంగొచ్చి దుప్పట్లు పాడయ్యాయనీ ఆడవాళ్ళు వాన గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నారు. రంగు నచ్చితే తెల్లచీరలు ఆరేస్తారు, లేకపోతే తలుపులేసుకుంటారు.

నూకయ్య ఇంటి ముందుకొచ్చేసరికి గొట్టం గురగురమంది.

"లోపలికి రా బావా, పొగ దిగతన్నాది."

ఒప్పుకోకుండా గడప దాటితే ఒప్పుకున్నట్టే లెక్క. జగన్నాధం వీధిలోనే బిగుసుకుని నిలబడ్డాడు. పొగ తడితడిగా, చల్లగా దిగి ఆయన్ని నిలువునా ముంచింది. పొగ తేలిపోయాక చూసుకుంటే చొక్కా, పంచె, మీసం అన్నీ ఎర్రెర్రగా ఉన్నాయి. వీధి వీధంతా నవ్వింది. కోపం రావలసిన మనిషికి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరు మహా నచ్చేసింది. అయితే ఆ మాట ఒప్పుకోడానికి నోరు రాక, కబురు చేస్తానని చెప్పి స్టేషనుకి తిరిగొచ్చాడు.

రైలు కూతేసే ముందు అప్పలసూరి సబ్బు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"కుళాయి కాడ ఉతికీండి. తడిమీదయితే పోతాది, ఆరితే మరి పోదు. ఇలా ఎల్తే మీ ఊరోళ్ళు ఏటనుకుంటారు?"

ఏమనుకుంటారో ఇద్దరికీ తెలుసు. పెళ్ళిలో వియ్యంకులు ఒకరిమీదొకరు వసంతం పోసుకుంటారు, పసుపునీళ్ళలో సున్నం కలిపిన ఎర్రనీళ్ళు. ఆ రంగుతో ఊళ్ళో దిగితే సంబంధం కలిసిందని దండోరా వేసినట్టే. అది తనకి లాభమని తెలిసీ సబ్బు తెచ్చాడు కుర్రాడు. జగన్నాధం వాణ్ణి ఎగాదిగా చూశాడు. కుళాయి కాడ మొహం, చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కున్నాడు. సబ్బు తిరిగిచ్చేసి రైలెక్కాడు.

చీపురుపల్లిలో దిగగానే, పెళ్ళికి ముందే వసంతాలేటని జనం మూగారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆయన కన్నా ముందే కబురు ఇల్లు చేరింది. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి నవ్వాపుకుంటోంది. నీలవేణి దగ్గరికొచ్చి, నాన్న చొక్కా చేతిని వేలితో రుద్ది చూసింది.

"ఇది ఉతికితే పోతాదా నాన్నా?"

"పోదమ్మా. కిటికీ కాడ కూకుని ఆరబెట్టుకుంటా వొచ్చినాను."