రిఫరెన్సుల హాజరు

రోజూ పొద్దున్నే కాఫీ తాగి రోహిణి లాప్‌టాప్ ముందు కూర్చునేది. నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే, రాతి శిల్పాల మీద తను రాస్తున్న థీసిస్‌లోని రెండొందల పన్నెండు రిఫరెన్సులూ ఇండెక్స్‌లోకి ఎక్కేవి. ఎక్కేటప్పుడు ఒక్కో పుస్తకం రాసినవాళ్లు లోపలినుంచి "ఆఁ" అని పలికేవాళ్లు. బతికున్నవాళ్లూ పలికేవాళ్లు, పోయినవాళ్లూ పలికేవాళ్లు. గోడ అవతలి సీతమ్మకు ఒక్కటే ఫిర్యాదు.

"ఏమే, ఆ దగ్గే పెద్దాయన్ని కాస్త ఆలస్యంగా పిలవరాదూ? మా ఆయన ఉలిక్కిపడి లేస్తన్నాడు."

ఆ సోమవారం మాత్రం రోహిణి కోపంగా ఉంది. దుర్గిలో నలభై ఏళ్లుగా రాతి బొమ్మలు చెక్కే రాఘవమ్మ, కొత్తగా పెట్టిన శిల్ప శిక్షణ కేంద్రంలో నేర్పే పనికి అర్జీ పెట్టుకుంది. శిల్పం గురించి ఆమె పేరుతో అచ్చయినదేదైనా శనివారంలోగా చూపించమని కాగితం వచ్చింది. థీసిస్‌లో ఆమె మాటలున్నాయి కదా అనుకుంటే, గైడు ధనుంజయరావు వాటిని కొట్టేశాడు.

"ఆవిడేం రాసిందమ్మా? రాయి కొట్టింది. ఉలి కొలతల మీద నా పుస్తకం ఉందిగా, రిఫరెన్సుగా అది ఇయ్యి చాలు."

"చెమట వాళ్లది, పేరు మనదా సార్?"

"నినాదాలు గోడల మీద రాసుకో. ఇండెక్స్ చూపిస్తే సంతకం పెడతా."

నరసరావుపేటలో, ఆయన వరండాలోనే రోహిణి ఎంటర్ నొక్కింది. అందరూ వరసగా పలికారు. ధనుంజయరావు పుస్తకం వంతు వచ్చింది. ఆయన గొంతు రాలేదు.

"ఆఁ, ఉండండయ్యా, చేతులకి దుమ్ముంది," అంది రాఘవమ్మ గొంతు.

ఆయన కళ్లజోడు తీశాడు. "మళ్లీ కొట్టు."

"ఉన్నానంటన్నాగా! ఎన్నిసార్లు పిలుస్తారు?"

ఇరవై రెండేళ్ల కిందట ఆమె పాకలో నాలుగు నెలలు కూర్చుని, ఆమె చెప్పిన ప్రతి కొలతా నోటుబుక్కులోకి ఎక్కించుకున్న మనిషి ఆయన. లాప్‌టాప్ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"నీ పేరు వేస్తానన్నా. చెక్కినోళ్లు పేరు వేసుకోకూడదు, వద్దన్నది నువ్వే."

"దేవుడి బొమ్మ మీద వద్దన్నానయ్యా. నీ పుస్తకానికి హారతిస్తారా ఏంది?"

రోహిణికి నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు, సిగ్గుగా. లాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ తన పేరుకు ముందు రాఘవమ్మ పేరు చేర్చి ఎంటర్ నొక్కాడు. ఆమె గొంతు పలికింది. వెనకాలే, ఆలస్యంగా క్లాసుకొచ్చినట్టు, ఆయన గొంతు కూడా మెల్లగా పలికింది.

పుస్తకంలోని కొలతలన్నీ ఆమెవేనని, మలి ముద్రణ అట్ట మీద మొదటి పేరు ఆమెదేనని ఉత్తరం రాసి, గురువారం తానే బస్సెక్కి దుర్గి వెళ్లి కేంద్రంలో ఇచ్చొచ్చాడు.

జూన్‌లో రాఘవమ్మ పనిలో చేరింది. చూపించిన కుర్చీని పక్కకి జరిపి, నేర్చుకోవడానికొచ్చిన ఆడపిల్లల మధ్య నేల మీద కూర్చుంది.

"ఉలిని అంత గట్టిగా పట్టమాకండే," అంది. "అదేం పారిపోదు."